వెనక బుష్షులు: ఇంట్లోనా, షెడ్డులోనా?

ఇంటిపక్షం: కారు వెనక ఇరుసును బాడీతో కలిపే రాడ్ల చివర్లలో బుష్షులుంటాయి. బయట ఒక ఉక్కు గొట్టం, లోపల సన్నపాటి ఉక్కు గొట్టం, రెంటి మధ్యా పట్టేసిన రబ్బరు. బుష్షంటే ఇంతే. ఇందులో తిరిగే బేరింగు లేదు, మార్చాల్సిన ఆయిలు లేదు, కరెంటు తీగ లేదు. 2000లో వచ్చిన ఆల్టోనే తీసుకుంటే, వెనక ఉన్నది ఒకే దృఢమైన ఇరుసు. అది ముందుకూ వెనక్కూ కదలకుండా పట్టుకునేవి రెండు ట్రెయిలింగ్ ఆర్మ్‌లు, పక్కలకు జరగకుండా ఆపేది ఒక అడ్డరాడ్డు. మూడు రాడ్లు, ఆరు చివరలు. గుడివాడ చుట్టుపక్కల డీజిల్ ఇంజిను హెడ్డు విప్పి వాల్వులు నూరుకునే రైతులున్నారు, ట్రాక్టరు ముందిరుసు బుష్షును చేలోనే మార్చుకునేవాళ్లున్నారు. అలాంటి చేతులకు ఈ ఆరు చివరల్లో బుష్షులు మార్చడం అందని పని కాదు.

షెడ్డుపక్షం: విప్పడం ఎప్పుడూ సులువే. బుష్షు చేసే పనేమిటో చూస్తే కష్టం ఎక్కడుందో తెలుస్తుంది. చక్రం గతుకులో పడ్డప్పుడల్లా రాడ్డు పైకీ కిందికీ ఊగుతుంది. లోపలి గొట్టం బోల్టుతో బిగుసుకుని కదలదు, బయటి గొట్టం రాడ్డుతోపాటు తిరుగుతుంది, ఆ రెంటి తేడానంతా మధ్యలో రబ్బరు మెలితిరిగి భరిస్తుంది. బ్రేకు వేసినప్పుడు ఇరుసు తోపును మోసేదీ ఆ రబ్బరే. అది పోయిన కారు మలుపులో వెనక భాగాన్ని తన ఇష్టానికి ఊపుతుంది. బందరు కాలువ పక్కన, పుల్లేరు గట్టు మీద నడిచే కార్లలో ఆ ఊపు ఎక్కడికి దారితీస్తుందో కృష్ణా జిల్లావాళ్లకు ఒకరు చెప్పనక్కర్లేదు. చాలాచోట్ల రోడ్డుకూ నీళ్లకూ మధ్య ఉన్నది కాస్త మట్టి మార్జినే. పని సరిగ్గా కుదరకపోతే నష్టపోయేది చేసినవాడొక్కడే కాదు, ఎదురొచ్చే మోటారు సైకిలు మీది మనిషి కూడా.

ఇంటిపక్షం: కాలువ సంగతి నిజం. కానీ బుష్షును వెంటనే మార్చాలనడానికి అది సాక్ష్యం గాని, ఎవరు మార్చాలనేదానికి కాదు. ఈ కృష్ణా డెల్టాలో బుష్షులు త్వరగా పోవడానికి కారణాలు రోడ్డు మీదే కనబడతాయి. నాట్ల కాలంలో ట్రాక్టర్లు దమ్ము చక్రాలతోనే తారురోడ్డెక్కుతాయి. ఇనుప పట్టీ పడ్డచోటల్లా తారు గీరుకుపోయి, మొదటి వానకే గుంత అవుతుంది. బంటుమిల్లి, కృత్తివెన్ను వైపు చేపల, రొయ్యల చెరువుల లారీలు రోడ్డు అంచుల్ని కుంగదీస్తాయి. కింద ఉన్న నల్లరేగడి వానకు ఉబ్బి ఎండకు బీటలిస్తుంది, పైనున్న రోడ్డు దానితోపాటే ఎగుడుదిగుడవుతుంది. ఇలాంటి దారుల్లో తిరిగే పాత కారు అడుగును ఎవరో ఒకరు తరచూ చూడాలి. షెడ్డుకు బండి వెళ్లేది శబ్దం భరించలేనప్పుడే. పని తెలిసిన సొంతదారు శబ్దం రాకముందే చూస్తాడు.

షెడ్డుపక్షం: చూడటానికీ కనిపెట్టడానికీ తేడా ఉంది. గుంతలో వెనకనుంచి టక్కుమనగానే బుష్షు పోయిందనుకోవడం మామూలు. షాక్ అబ్జార్బరు పై మౌంటు రబ్బరు అరిగినా అదే చప్పుడు. సైలెన్సరు వేలాడే రబ్బరు తెగినా అదే. డిక్కీలో స్టెప్నీ బోల్టు వదులైనా అదే. చివరిది నవ్వులాటలా ఉంటుంది గాని షెడ్లకు కొత్త కాదు. మెకానిక్ బండిలో వెనక సీట్లో కూర్చుని ఒక స్పీడ్ బ్రేకరు దాటేసరికి ఏ మూలో చెబుతాడు. వందల బండ్లు విన్న చెవి అది. ఒక్క బండినే విన్నవాడికి పోల్చుకోవడానికి రెండోది ఉండదు.

ఇంటిపక్షం: ఆ చెవికి నమస్కారం పెట్టాల్సిందే. అయితే చెవి పట్టుకున్నదాన్ని రుజువు చేసే పరీక్ష మాత్రం ఎవరైనా చేయగలిగినదే. కారు నాలుగు చక్రాల మీద నిలబడి ఉండగా, రాడ్డు చివరకూ బ్రాకెట్‌కూ మధ్య పొడవాటి టైరు లివరు పెట్టి మెల్లగా వత్తాలి. మంచి బుష్షు కాస్త సాగి, వదలగానే వెనక్కి వస్తుంది. చెడినది ఇనుము ఇనుముకు తగిలేదాకా పోతుంది. టార్చి వేస్తే ఇంకా స్పష్టం. రబ్బరు పైన సన్నని పగుళ్లు వయసువల్ల వచ్చేవి, వాటితో కంగారు లేదు. లోపలి గొట్టం నడిమధ్య నుంచి ఒక పక్కకు ఒరిగినా, రబ్బరు గొట్టాన్ని వదిలేసి వంపు సందు కనిపించినా ఆ బుష్షు పని అయిపోయింది. అడ్డరాడ్డుకైతే ఒకరు కారును పక్కనుంచి నెట్టి ఊపాలి, ఇంకొకరు రాడ్డు చివర బ్రాకెట్‌లో ఆడుతోందేమో చూడాలి.

టేపు పరీక్ష కూడా ఉంది. స్టీరింగు నిటారుగా పెట్టి, ముందు చక్రం నడిబొడ్డు నుంచి వెనక చక్రం నడిబొడ్డు దాకా కుడివైపు ఒకసారి, ఎడమవైపు ఒకసారి కొలవాలి. రెండు కొలతలకూ చెప్పుకోదగ్గ తేడా ఉంటే ఇరుసు ఓరగా నిలిచిందన్నమాట. కొలతలు గోడ మీద రాసుకుంటే పని అయ్యాక మళ్లీ చూసుకోవచ్చు. దృఢమైన ఇరుసుకు వెనక అలైన్‌మెంటు సర్దే మర ఏదీ ఉండదు గనుక బుష్షులు సరిగ్గా కూర్చున్నాయని చెప్పే సాక్ష్యాల్లో ఇది ముఖ్యమైనది. షెడ్లలో ఈ కొలత తీసేవాళ్లు తక్కువ.

షెడ్డుపక్షం: పరీక్ష వరకు ఇంట్లో చేసుకోవచ్చని ఒప్పుకోవాల్సిందే. రాడ్డు విప్పాలంటే వెనక భాగం లేవాలి, గొడవ అక్కడ మొదలవుతుంది. కారుతోపాటు వచ్చే జాకీ ఇచ్చింది స్టెప్నీ మార్చుకోవడానికి, దాన్ని నమ్మి కింద దూరడానికి కాదు. హ్యాండ్ బ్రేకు పట్టేది వెనక చక్రాల్ని. అవి గాలిలోకి లేవగానే హ్యాండ్ బ్రేకు ఉన్నా లేనట్టే. ఆల్టోలో ఇంజిను తిప్పేది ముందు చక్రాల్ని గనుక మొదటి గేరులో ఉంచితే కాస్త పట్టు దొరుకుతుంది. అంబాసిడర్‌లో ఇంజిను తిప్పేదీ వెనక చక్రాలనే, కాబట్టి ఆ కాస్త పట్టూ ఉండదు. ఏ బండికైనా ముందు చక్రాలకు రెండువైపులా చెక్క దిమ్మెలు అడ్డుపెట్టనిదే జాకీ ముట్టుకోకూడదు.

ఇక నేల సంగతి. అవనిగడ్డలో గాని, నాగాయలంకలో గాని, బందరు శివార్లలో గాని కారు మొత్తం పట్టేంత గచ్చు ఎన్ని ఇళ్ల ముందుంది? నల్లమట్టి మీద పొద్దున నిటారుగా నిలబడ్డ జాకీ మధ్యాహ్నానికి ఓ పక్కకు ఒరుగుతుంది. జల్లు పడితే ఇక చెప్పేదేముంది.

ఇంటిపక్షం: ఇందులో బేరమాడేదేమీ లేదు. గట్టి కాంక్రీటు నేల లేకపోతే ఇంట్లో ఈ పని పెట్టుకోకూడదు. జాకీ లేపడానికి మాత్రమే, బండిని మోయాల్సింది జాకీ స్టాండ్లు. అవి కూడా బాడీ కింద గట్టి అంచుల దగ్గర, కంపెనీ చూపించిన చోట పెట్టాలి. ఇటుకలు, సిమెంటు దిమ్మెలు బరువు కింద ఉన్నట్టుండి పగులుతాయి. విప్పిన చక్రాల్ని కారు అడుగున పడుకోబెడితే స్టాండు జారినా మనిషి మీద పడకుండా ఆగే అవకాశం ఉంటుంది. కిందికి వెళ్లకముందే బండిని చేత్తో గట్టిగా ఊపి చూడాలి. ఊగితే మళ్లీ దించి మొదటినుంచి సర్దుకోవాలి.

ఇరుసు కింద వేరే జాకీ ఉంచడం కూడా తప్పదు. రాడ్డు ఊడగానే ఇరుసు వేలాడి, బ్రేకు గొట్టం మీద బరువు పడుతుంది. రాడ్లన్నీ ఒక్కసారి విప్పేస్తే ఇరుసు మెలితిరుగుతుంది, స్ప్రింగులు తమ గూళ్లలోంచి జారతాయి, తిరిగి బోల్టు రంధ్రాలు కలపడానికి పూట పడుతుంది. ఒక రాడ్డు తీసి, బుష్షులు మార్చి, దాన్ని పెట్టాకే రెండోదాని జోలికి పోవాలి. సొంతదారుకు తొందర లేదు గనుక ఈ వరస పాటించగలడు.

షెడ్డుపక్షం: ఇప్పటిదాకా మాట్లాడింది కొత్త బండి గురించి. డెల్టాలోని పాత బండి అసలు రోగం రబ్బరు కాదు, తుప్పు. మంగినపూడి నుంచి హంసలదీవి దాకా తీరం వెంట గాలిలోనే ఉప్పుంది. చెరువుల లారీల్లోంచి కారే నీళ్లు రోడ్డు మీద పడి, వెనక వచ్చే కారు అడుగుకు చిమ్ముతాయి. ఉప్పు కలిసిన ఆ బురద రాడ్డు బ్రాకెట్ల మూలల్లో పేరుకుని వేసవి దాకా తడి పట్టి ఉంచుతుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో మునిగిన కార్ల మాట వేరే చెప్పాలా. అలా నీళ్లలో నానిన బండి చేతులు మారితే అడుగు చూడకుండా కొన్నవాడికి ఆ చరిత్ర తెలియదు.

ఇలాంటి బండిలో బోల్టు, లోపలి గొట్టం తుప్పుతో ఒక్కటైపోతాయి. పానా పెట్టి తిప్పితే నట్టు వస్తుంది, బోల్టు మాత్రం గొట్టంతో సహా తిరిగి రబ్బరును మెలిపెడుతుందే తప్ప బయటికి రాదు. ఇంకాస్త బలం వేస్తే తల తెగుతుంది. కొన్ని చోట్ల నట్టు విడిగా ఉండదు, బాడీ రేకు లోపల వెల్డింగుతో అతికించి ఉంటుంది. అది ఊడి లోపల తిరగడం మొదలుపెట్టిందంటే రేకు కోస్తే గాని అందదు. ఆదివారం మధ్యాహ్నం మూడింటికి, ఒక రాడ్డు సగం ఊడి, కారు స్టాండ్ల మీద ఉండగా ఇది జరిగితే? ఆ బండిని తోలుకుని షెడ్డుకు పోవడానికి లేదు, లాక్కుపోవడానికీ లేదు. షెడ్డులో ఇదే జరిగితే పక్కనే వెల్డరు ఉంటాడు.

ఇంటిపక్షం: ఈ వాదనకు పూర్తి జవాబు లేదు. సగం జవాబు ఉంది. పని మొదలుపెట్టే రోజుకు ముందే బోల్టుల చుట్టూ తీగబ్రష్షుతో గీకి, తుప్పు వదిలించే ఆయిలు వరసగా కొన్ని రోజులు పోస్తూ ఉండాలి. తిప్పేటప్పుడు ముందు బిగించే వైపు వెంట్రుకవాసి తిప్పి, అప్పుడు వదిలించాలి. తుప్పు పొర చిట్లిందంటే దారిలోకి వచ్చినట్టే. కదిలితే అర చుట్టు ముందుకు, పావు చుట్టు వెనక్కి, మధ్యమధ్య ఆయిలు. దీనికి కావాల్సింది ఓపిక, అది గంటల లెక్కన కూలి తీసుకునే చోట దొరకదు. షెడ్డులో బోల్టు మొరాయిస్తే మొదట చేతికొచ్చేది గ్యాసు మంట. వెనక రాడ్ల దగ్గర్లోనే పెట్రోలు ట్యాంకు, దాని గొట్టాలు ఉంటాయి. ఎల్పీజీ కిట్టున్న బండికి డిక్కీలో సిలిండరు. అక్కడ మంట పెట్టడం అనుభవం కాదు, అలవాటు.

షెడ్డుపక్షం: మంట విషయంలో ఆ మాట పడాల్సిందే. తడిగుడ్డలు కప్పి, రేకు అడ్డుపెట్టి మంట వాడే జాగ్రత్తపరులున్నారు. ఏ అడ్డూ లేకుండా వాడేవాళ్లూ ఉన్నారు. ట్యాంకు పక్కన గ్యాసు మంటకు బదులు బోల్టును రంపపు బ్లేడుతో బ్రాకెట్‌కూ బుష్షుకూ మధ్య సందులో కోయడమే మేలు. కానీ కోయాలని నిర్ణయించే ముందు కొత్త బోల్టు చేతిలో ఉండాలి. షెడ్డువాడు సాయంత్రంలోగా విజయవాడ ఆటోనగర్ నుంచి తెప్పించుకోగలడు. కోడూరులో ఇంటి ముందు కూర్చున్నవాడు?

ఇంటిపక్షం: బోల్టులు, నట్టులు ముందే కొని పెట్టుకుంటాడు. పాతవాటిని మళ్లీ వాడటం ఎలాగూ మంచిది కాదు. కొత్త బోల్టు నున్నటి ఒంటికి పలచగా గ్రీజు రాస్తే వచ్చేసారి ఇంత యుద్ధం ఉండదు, రబ్బరుకు అంటకుండా చూసుకుంటే చాలు.

షెడ్డుపక్షం: రబ్బరుకు అంటకుండా అన్నమాట అడుగడుగునా గుర్తుండాలి. రాడ్డు బయటికొచ్చాక పాత బుష్షును తీయడం, కొత్తది ఎక్కించడం ఈ పనికి గుండెకాయ. బుష్షు బయటి గొట్టం రాడ్డు కన్నంలో చాలా బిగుతుగా కూర్చుంటుంది. ఇళ్లలో చేసేది రెండు రకాలు. సుత్తితో కొట్టడం ఒకటి. దెబ్బ వంకరగా పడితే కొత్త గొట్టం అంచు మడతపడుతుంది, రాడ్డు కన్నం గీరుకుపోతుంది. రెండోది పాత రబ్బరును తగలబెట్టడం. దాని పొగ పీల్చకూడనిది, మంట మాట వినదు. ఇవేవీ లేకుండా ఎక్కిద్దామని ఇంజినాయిలో గ్రీజో పూస్తే, సహజ రబ్బరు ఆ నూనెను పీల్చుకుని ఉబ్బి, మెత్తబడి, అతుకు వదిలేస్తుంది. ప్రెస్ మిషన్ కింద తిన్నగా పెట్టి నొక్కితే ఈ తంటా ఏదీ లేదు.

ఇంటిపక్షం: ప్రెస్ కింద పెట్టడానికి కారంతా షెడ్డుకు వెళ్లక్కర్లేదు, రాడ్డు వెళ్తే చాలు. ట్రాక్టర్లకు, కోత మిషన్లకు, గిలకలదిండి రేవులో పడవల ఇంజిన్లకు పనిచేసే లేత్ షాపులు ఈ ప్రాంతంలో తక్కువేం కాదు. రాడ్డు చేత్తో పట్టుకెళ్తే నిమిషాల్లో తీసి, ఎక్కించి ఇస్తారు. ప్రెస్ దొరకనిచోట పొడవాటి గట్టి బోల్టు, నట్టు, మందపాటి వాషర్లు, ఒకవైపు బుష్షు పట్టేంత గొట్టం ముక్క పెట్టుకుని నట్టును బిగిస్తూ పోతే బుష్షు తిన్నగానే లోపలికి వెళ్తుంది. జారడానికి సబ్బునీళ్లు చాలు. కొన్ని మోడళ్లకు బుష్షులు ఎక్కించిన రాడ్డే కొత్తది దొరుకుతుంది, అప్పుడు ఈ అంకమే లేదు. ఒక్కటి మాత్రం మరవకూడదు. రబ్బరులో ఖాళీ గాడులున్న బుష్షు అయితే పాతది ఏ దిక్కుకు తిరిగి ఉందో రాడ్డు మీద గీత పెట్టుకున్నాకే తీయాలి. గాడులు వేరే దిక్కుకు తిరిగితే మెత్తగా ఉండాల్సిన చోట గట్టిగా, గట్టిగా ఉండాల్సిన చోట మెత్తగా తయారవుతుంది.

షెడ్డుపక్షం: రాడ్డును లేత్ షాపుకు పంపడమంటే పనిలో సగం షెడ్డుకు ఇచ్చినట్టే.

ఇంటిపక్షం: ఇవ్వాల్సిన సగం ఇచ్చి, ఇవ్వకూడని సగం ఉంచుకోవడం. ఉంచుకోవాల్సిన సగం ఏదంటే చివరి బిగింపు. బుష్షు ఆయుష్షును తేల్చేది అదే. లోపలి గొట్టాన్ని బోల్టు ఏ భంగిమలో బిగించిందో రబ్బరుకు అదే విశ్రాంతి స్థానం అవుతుంది. చక్రాలు గాలిలో వేలాడుతుండగా బోల్టు పూర్తిగా బిగించి, తర్వాత కారును కిందికి దించితే, నిలబడ్డ బండిలోనే రబ్బరు తడిబట్ట పిండినట్టు మెలిపడి ఉంటుంది. ఆ మెలికతోనే రోజంతా తిరుగుతుంది. కొత్త బుష్షు కొన్ని నెలలకే చిరిగిందంటే అనుమానించాల్సింది ముందు దీన్నే, సరుకును తర్వాత. పని ఒత్తిడి ఉన్న షెడ్డులో జాకీ మీదే అన్నీ బిగించేసి, చక్రాలు తొడిగి, బండి పంపించేస్తారు. తర్వాతి బండి గేటు దగ్గర ఉంటుంది మరి.

షెడ్డుపక్షం: అలా చేసే షెడ్లు ఉన్నాయి. దాన్ని సమర్థించడానికి మాటల్లేవు. కానీ బరువు చక్రాల మీద ఉండగా బిగించాలంటే మనిషి కారు కిందికి పోవాలి, మారుతీ కింద మనిషి పట్టే ఎత్తు ఎక్కడుంది? అందుకే షెడ్డులో పిట్ తవ్వుకుంటారు. నాలుగు చక్రాలూ నేల మీదే ఉంటాయి, మెకానిక్ కింద నిలబడి టార్క్ రెంచితో లెక్కగా బిగిస్తాడు. నియమం తెలిసిన ఇంటివాడికి పిట్ లేదు. పిట్ ఉన్న షెడ్డువాడు నియమం పాటించకపోతే తప్పు అతనిదే, పద్ధతిది కాదు.

ఇంటిపక్షం: పిట్ లేకుండా దారి ఉంది. బోల్టులన్నీ చేతి బిగింపుతో ఉంచి, ఇరుసు కింద జాకీని మెల్లగా లేపుతూ పోవాలి. బాడీ బరువు ఇరుసు మీదికి దిగి, స్టాండ్ల మీద ఒత్తిడి సడలినప్పుడు సస్పెన్షను దాదాపు నడిచే ఎత్తుకు వచ్చినట్టు. స్టాండ్లు తీయకుండానే అక్కడ బిగించాలి. బిగింపు ఎంతన్నది ఆ మోడలు సర్వీసు మాన్యువల్లో ఉంటుంది, చేతి అందాజు పనికిరాదు. పని మొదలుపెట్టకముందే చక్రం నడిబొడ్డు నుంచి మడ్‌గార్డు అంచు దాకా ఎత్తు కొలిచి రాసుకుంటే ఎక్కడ ఆపాలో టేపే చెబుతుంది. ఇదీ కష్టమనుకుంటే బోల్టులు ముప్పాతిక బిగించి, బండిని దగ్గర్లోని షెడ్డు పిట్ మీదికి నడుచుకుంటూ పోయేంత వేగంతో తీసుకెళ్లి, చివరి బిగింపు ఎదురుగా నిలబడి వేయించుకోవచ్చు.

షెడ్డుపక్షం: ముప్పాతిక బిగించిన బోల్టుతో రోడ్డెక్కమనడం ఈ వాదంలో బలహీనమైన చోటు. షెడ్డు పక్క వీధిలో ఉంటే ఏమో గాని, దివిసీమ లోపలి ఊళ్ల నుంచి మైళ్ల తరబడి కరకట్ట మీద అలా రాకూడదు.

ఇంటిపక్షం: పక్క వీధి వరకే. ఒప్పుకోలు.

షెడ్డుపక్షం: సరుకు సంగతి కూడా తేలాలి. రబ్బరు బదులు పాలీయూరిథేన్ బుష్షులు వేసుకుంటే మళ్లీ జన్మలో మార్చక్కర్లేదని ఇంట్లో పనిచేసేవాళ్లలో ఒక మోజు. అవి గట్టివి, నూనెకు లొంగవు, ఎక్కించడం తేలిక. అయితే వాటిలో లోపలి గొట్టం రబ్బరులా అతికి ఉండదు, జారుతూ తిరుగుతుంది. అందుకు పూసే సిలికాన్ గ్రీజు ఎండితే కీచుమంటాయి. దమ్ము చక్రాలు చెక్కిన రోడ్డు మీద ప్రతి గీతా సీట్లోకి తెలుస్తుంది. ఆ గట్టిదనం చివరికి పడేది ఎక్కడ? ఉప్పుగాలికి సగం తిన్న బ్రాకెట్ రేకు మీద. రబ్బరు ఓర్చుకునే దెబ్బను రేకు ఓర్చుకోవాల్సి వస్తుంది.

ఇంటిపక్షం: ఈ నేల మీద పాత బండికి రబ్బరే సరి, పందేల కారుకు కావాల్సింది ఇక్కడ అక్కర్లేదు. రబ్బరులోనూ నకిలీ సరుకుంది. బుష్షులో రబ్బరు గొట్టాలకు సమంగా అతకకపోయినా, గోటితో నొక్కితే లొట్టపడి పోయినా వెనక్కి ఇచ్చేయాలి. ఇంట్లో చేసుకునేవాడు కౌంటరు దగ్గర నిలబడి అది చూసుకుంటాడు. షెడ్డులో పెట్టింది అసలుదో కాదో బండివాడికి తెలియదు, తెలిసేసరికి అది కారు కిందే ఉంటుంది.

షెడ్డుపక్షం: కమాను కట్టల బండ్లను ఈ లెక్కలోకి తేకూడదని కూడా చెప్పాలి. 2014లో ఉత్పత్తి ఆగిపోయిన అంబాసిడర్, పాత ఓమ్ని, జిప్సీ వెనక కమాన్ల మీద నడిచేవి. కమాను చివర షేకిల్‌లో రెండు ముక్కల రబ్బరు బుష్షులుంటే చేత్తో ఎక్కుతాయి, అంబాసిడర్ డ్రైవర్లు రోడ్డు పక్కన మార్చుకునేవాళ్లంటే అందుకే. ముందు చివర బుష్షు వేరు. దాన్ని తీయాలంటే బిగుసుకుని ఉన్న కమానును దింపాలి. అందులోని బలం అమాంతం విడుదలైతే చేతివేళ్లు మిగలవు.

ఇంటిపక్షం: ఆ ముందు చివరను షెడ్డుకు వదిలేయడంలో నామోషీ లేదు.

షెడ్డుపక్షం: ఇంతవరకు ఒక్క బండి గురించి. ఊరంతటి గురించి కూడా ఒక మాట ఉంది. కొత్త కార్లు కంపెనీ సర్వీసు సెంటర్లకు పోతున్నాయి. అక్కడ బుష్షు మార్చరు, చాలాసార్లు రాడ్డునే మారుస్తారు. గుడివాడలో గాని, చల్లపల్లిలో గాని చిన్న షెడ్డు బతికేది పాత బండ్ల మీదే. పన్నెండేళ్లు ఒక చేతి కింద పనిచేసి నేర్చిన కుర్రాడికి బుష్షులు, క్లచ్చులు, బ్రేకులే తిండి పెడతాయి. సులువైన పనులన్నీ ఇంట్లో చేసుకుని, విరిగిన బోల్టు వచ్చినప్పుడే మెకానిక్ కావాలంటే, ఆ రోజుకు మెకానిక్ ఉండడు.

ఇంటిపక్షం: ఇది బరువైన మాట. కానీ షెడ్డు బతకడం కోసం సొంతదారు తన బండి అడుగు ఎప్పుడూ చూడకుండా ఉండాలనడం కూడా సబబు కాదు. పదిహేనేళ్లు దాటిన సొంత కారుకు రిజిస్ట్రేషను రెన్యువలు ఫీజు 2022 ఏప్రిల్‌లో 600 రూపాయలు కాస్తా 5,000 అయింది. రెన్యువలు ఐదేళ్లకోసారి, ముందు ఫిట్‌నెస్ పరీక్ష. ఏపీ 16 నంబరుతో ఇంకా తిరుగుతున్న పాత బండ్లు కొత్త కారు కొనలేని కుటుంబాలవే ఎక్కువ. బుష్షుల ఖరీదు కన్నా విప్పి బిగించే కూలే ఎక్కువైనప్పుడు వాళ్లు చేసేది షెడ్డుకు పోవడం కాదు, పని వాయిదా వేయడం. వాయిదా పడ్డ బుష్షుకన్నా ఇంట్లో జాగ్రత్తగా మార్చిన బుష్షు రోడ్డుకు మేలు.

షెడ్డుపక్షం: జాగ్రత్తగా అన్నచోటే అంతా ఉంది. ఇంటి పనికి తనిఖీ ఎవరు? కొత్త బుష్షులు వేశాక కొన్ని వందల కిలోమీటర్లకు బిగింపు మళ్లీ చూడాలి. షెడ్డువాడు బండి రమ్మంటాడు. ఇంటివాడికి ఎవరు గుర్తుచేస్తారు? ఆ కారు రేపు అమ్ముడైతే కొన్నవాడికి ఏం తెలుస్తుంది?

ఇంటిపక్షం: బిగించిన ప్రతి బోల్టు తల మీద, పక్క బ్రాకెట్ మీద కలిపి ఒకే పెయింటు గీత. బోల్టు ఏమాత్రం తిరిగినా గీత విరుగుతుంది, పడుకుని టార్చి వేస్తే చాలు. తేదీ, కిలోమీటర్లు, బుష్షు రకం బండి పుస్తకంలో రాసిపెడితే కొన్నవాడూ చదువుకుంటాడు.

షెడ్డుపక్షం: ఆ గీత షెడ్లలోనూ పెట్టాల్సిందే. అయితే బోల్టు తిరగలేదని చెప్పడం వరకే దాని పని, బోల్టును పట్టుకున్న రేకు సంగతి అది చెప్పదు. అండర్ కోటింగు కింద రేకు పొరలుపొరలుగా లేచినా పైకి నున్నగానే ఉంటుంది. సుత్తి మొనతో తట్టి, మంచి రేకు ఖంగుమనే చోట చప్పగా వినపడితే గీకి చూడాలి, స్క్రూడ్రైవరు దిగిపోతే బుష్షు పని ఆపి వెల్డింగు పని మొదలుపెట్టాలి.

ఇంటిపక్షం: సొంతదారు అయితే వానలకు ముందోసారి, తర్వాతోసారి తట్టి చూడగలడు. షెడ్డు అయితే బండి వచ్చినప్పుడే.

షెడ్డుపక్షం: రెండుసార్లు తట్టినా ఆ చప్పదనాన్ని పోల్చుకోగలగాలి. కుళ్లిన రేకు శబ్దం ఒక్కసారైనా వినని చెవికి అదీ ఖంగుమన్నట్టే ఉంటుంది.